దొరసాని, మా పెరటి పెట్ట

కోళ్ళకు పేర్లు పెట్టొద్దని నానమ్మ మొదటి రోజే చెప్పింది. "పేరు పెడితే పిలుస్తారు. పిలిస్తే వస్తుంది. రావడం మొదలెట్టాక ఇక అది కోడి కాదు, ఇంట్లో మనిషి. తర్వాత మీరే ఏడుస్తారు" అంది. మేం వింటేగా! గంపలోంచి పిల్లల్ని కిందికి దించకముందే తమ్ముడు ఒకదానికి వాడి క్లాసులో బాగా కొట్లాడే కుర్రాడి పేరు పెట్టేశాడు. పెరిగాక అది పెట్ట అని తేలింది. పేరు మాత్రం మార్చలేదు.

దొరసానికి ఆ పేరు అమ్మ పెట్టింది. దాని నడక అలా ఉండేది. ఒక కాలు ఎత్తి, గాల్లోనే ఆపి, వేయాలా వద్దా అని కాసేపు ఆలోచించి, అప్పుడు కింద పెట్టేది. వాన మొదలైతే మిగతావన్నీ పడుతూ లేస్తూ చూరు కిందికి ఉరికేవి. ఇది మాత్రం తన అడుగులు తను వేసుకుంటూ, నిలువునా తడిసి, అందరికన్నా ఆఖర్న వచ్చేది. వచ్చాక పొడిగా ఉన్న చోటు దానికి వదిలెయ్యాలి. వదలకపోతే నెత్తి మీద ఒక్క పోటు. గోధుమ రంగు ఒళ్ళు, మెడ దగ్గర కాస్త బంగారు ఛాయ, ఎర్రగా పక్కకు వాలిన జుట్టు. అందగత్తె అనే చెప్పాలి.

గుంపులో పెద్దరికం దానిదే. గింజలు చల్లితే ముందు అది తినాలి, గూట్లో అడ్డకర్ర మీద గోడ వైపు చోటు దానికే దక్కాలి. కోళ్ళలో ఈ పెద్దా చిన్నా వరసను మొదట పట్టి చూసింది నార్వేకు చెందిన థోర్లీఫ్ షెల్డెరుప్ ఎబ్బె అని, ఆయన చిన్నతనం నుంచే కోళ్ళను గమనిస్తూ ఎవరు ఎవర్ని పొడుస్తున్నారో చూసేవాడని, 1921లో దాని మీద పెద్ద పరిశోధనే రాశాడని నాన్న చెప్పాడు. అది విన్నాక నాకూ ఒక నోట్‌బుక్ కావాల్సి వచ్చింది. పొడుచుకోవడాలు రాయడం మొదలుపెట్టాను గానీ అవి ఒక చోట నిలబడితే కదా! విసుగొచ్చి, గుడ్లు పెట్టిన వేళలు రాయడానికి దిగాను.

అందులో భలే సంగతి ఒకటి బయటపడింది. దొరసాని ఇవాళ పొద్దున్నే గుడ్డు పెడితే, రేపు కాస్త ఆలస్యంగా పెట్టేది. ఎల్లుండి ఇంకాస్త ఆలస్యం. అలా జరిగి జరిగి మధ్యాహ్నం దాకా వచ్చాక ఒక రోజు మానేసి, మర్నాడు మళ్ళీ పొద్దున్నే మొదలుపెట్టేది. అమ్మ సైన్సు టీచరు. కోడి కడుపులో ఒక గుడ్డు తయారవడానికి 24 నుంచి 26 గంటలు పడుతుందని, అందులో ఒక్క పెంకు కట్టడానికే దాదాపు 20 గంటలు పోతాయని, రోజుకు 24 గంటలే కాబట్టి లెక్క కొద్దికొద్దిగా వెనక్కి జరుగుతుందని చెప్పింది. నానమ్మకు ఈ వివరాలు అక్కర్లేదు. గుడ్డు లేని రోజును "ఇవాళ దొరసానికి సెలవు" అనేది. పేర్లు వద్దన్న మనిషే.

అలాంటి సెలవులు చాలా తక్కువ. చలికాలంలో పగళ్ళు కురచయినా, మిగతావి ఈకలు రాల్చి బోసిగా తిరుగుతున్నా, ఇది మాత్రం పెడుతూనే ఉండేది. పెట్టి ఊరుకునేదా, గూట్లోంచి బయటికొచ్చి పెరడంతా వినబడేలా కొక్కొక్కో అని చాటింపు వేసేది. ఇంటికెవరొచ్చినా అమ్మ ముందు ఈ కబురే చెప్పేది. మా దొరసాని మానదండీ, ఏడాదంతా పెడుతుంది అని. చెప్పేటప్పుడు అమ్మ మొహంలో, మా మార్కులు చెప్పేటప్పుడు కూడా కనబడని గర్వం ఉండేది.

దానికి జబ్బు చేసిందని మాకు తెలిసేసరికి ఆ జబ్బు చాలా దూరం వచ్చేసింది. కోళ్ళతో బాధే ఇది. కుక్కకో పిల్లికో ఒంట్లో బాగోకపోతే మన దగ్గరికొచ్చి ముడుచుకుని పడుకుంటుంది. కోడి అలా కాదు. గద్దకీ పిల్లికీ ఆహారమయ్యే జీవం అది. నీరసంగా కనబడిందంటే ముందు దాని మీదికే వస్తాయి, పైగా సొంత గుంపే పొడిచి పక్కకు నెడుతుంది. అందుకే నిలబడగలిగినంత కాలం బాగున్నట్టే నటిస్తుంది. గింజల దగ్గరికి వస్తుంది, ముక్కుతో నేలను పొడుస్తుంది. తింటోందో లేదో వంగి చూస్తే తప్ప తెలీదు. అంతకుముందు నా నోట్‌బుక్‌లో ఒక తోలుగుడ్డు, తర్వాత రెండు ఖాళీలు ఉన్నాయి. ఎండలు ముదిరితే ఏ కోడయినా పెంకు లేని గుడ్డు పెడుతుంది. దాన్ని ఎవరూ జబ్బు అనుకోరు.

ఆ సాయంత్రం మిగతావి చీకటి పడకముందే అడ్డకర్ర ఎక్కేశాయి. దొరసాని గూటి బయట నిలబడి ఉంది. మామూలుగా నిలబడటం కాదు. తోక కిందికి వేలాడేసి, ఒళ్ళు నిటారుగా పెట్టి, ఈకలన్నీ ఉబ్బించుకుని, కళ్ళు మూస్తూ తెరుస్తూ ఉంది. ఎర్రటి జుట్టు పాలిపోయి, కొసల్లో నీలి రంగు తేలింది. నానమ్మ దూరం నుంచే చూసి "కోడి తూగుతోందిరా" అంది. నాన్న చేతిలో ఉన్న పని వదిలేసి లేచాడు.

కోడి తూగుతోందంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది కొక్కెర తెగులు. 1926లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ దగ్గర బయటపడి ఆ ఊరి పేరునే మోస్తున్న జబ్బు, రాణీఖేత్ అని కూడా అంటారు. టీకా వేయని గుంపులో పడిందంటే ఒక కోడితో ఆగదు, రోజుల్లో గూడు ఖాళీ అయిపోతుంది. నాన్న టార్చి వేసి ఒక్కొక్కటే చూశాడు. మెడ మెలితిరుగుతోందా, నోరు తెరిచి ఎగశ్వాస తీస్తోందా, రెట్ట పచ్చగా నీళ్ళలా ఉందా. ఏవీ లేవు. మా కోళ్ళకు టీకాలు కూడా వేయించాం. పొట్ట కింద చెయ్యి పెట్టి చూస్తే మాత్రం నీళ్ళు నింపిన తిత్తిలా బిగుసుకుని, వేడిగా తగిలింది. అసలే కోడి ఒళ్ళు మనకన్నా వేడి, 41 డిగ్రీల పైనే ఉంటుంది. ఆ వేడి చూసి తమ్ముడు దానికి జ్వరం ఎంతుందో చూద్దామని థర్మామీటరు తెచ్చాడు. వాణ్ణి ఎవరూ కసరలేదు.

ఏ జబ్బో తేలేదాకా విడిగా ఉంచాలని దాన్ని ఇంట్లోకి తెచ్చి అట్టపెట్టెలో పెట్టాం. పాతగుడ్డలు పరిచి, ఒక పక్క మాత్రమే వెచ్చగా ఉండేలా బల్బు పెట్టింది అమ్మ, వేడి ఎక్కువైతే రెండో పక్కకు జరుగుతుందని. తమ్ముడు దాన్ని గుండెకు హత్తుకోబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. పక్షులకు మనకున్నట్టు ఊపిరితిత్తుల కింద పొర ఉండదట, రొమ్ము ఎముక ముందుకీ వెనక్కీ కదిలితేనే గాలి ఆడుతుందట. గట్టిగా పట్టుకుంటే ఊపిరి ఆగిపోతుంది. నానమ్మ చెంచాతో నీళ్ళు తెచ్చి ముక్కు తెరవబోయింది. "వద్దత్తయ్యా, దాని గాలిగొట్టం నోరు నాలుక వెనకే ఉంటుంది, నీళ్ళు అందులోకి పోతాయి" అంది అమ్మ. నానమ్మ చిన్నబుచ్చుకుంది. కాసేపటికి తనే వేలు తడిపి ముక్కు అంచుకు రాసింది. దొరసాని ఆ చుక్కను తాగింది. ఇంకో చుక్క. ఆ రాత్రి నానమ్మకు అదే పని.

పక్కింటి పెద్దాయన గోడ మీదినుంచి చూసి, "రేపటిదాకా ఎందుకమ్మా, ఈ పూటే కోసేస్తే అక్కరకొస్తుంది" అన్నాడు. చెడ్డ మనిషి కాదు, మాకు కూరగాయల నారు ఇచ్చేవాడు. జబ్బు కోడిని తినకూడదండీ అని అమ్మ మర్యాదగానే చెప్పింది. లోపలికొచ్చాక మాత్రం గిన్నెలు చాలా గట్టిగా కడిగింది.

నాకు నిద్ర పట్టలేదు. ఉన్నట్టుండి అట్టపెట్టెలో గోళ్ళు గీరిన చప్పుడు, మళ్ళీ నిశ్శబ్దం. లేచి వెళ్తే నానమ్మ అక్కడే పీట వేసుకుని కూచుని దాన్ని తిడుతోంది. "ఏం మాయరోగమే నీకు? పొద్దస్తమానం పెరడంతా దున్నేదానివి కదే. లే. లేచి నిలబడు, దొరసానీ." నన్ను చూసి, నువ్వు పోయి పడుకో, రేపు బడి ఉంది అంది. నేను వెళ్ళలేదు. ఆమె రెండోసారి చెప్పలేదు.

పొద్దున్నే పశువుల డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన దొరసానిని చంకలో పెట్టుకుని, రెండు కాళ్ళ మధ్య పొట్టను వేళ్ళతో మెల్లగా నొక్కి చూశారు. గుడ్డు అడ్డం పడిందేమోనని వెనకనుంచి కూడా చూశారు, గుడ్డు తగల్లేదు. సన్నటి సూది గుచ్చి లాగితే పసుపుపచ్చగా, మడ్డిగా నీళ్ళొచ్చాయి. ఆయన సిరంజిని వెలుతురుకు పెట్టి చూసి, మా వైపు తిరిగి వివరంగా చెప్పారు. పచ్చసొన తయారై రాలాక, దాన్ని గరాటు లాంటి గొట్టం నోరు అందుకోవాలి. ఆ నోటి దగ్గర అది ఉండేది పావుగంటే. ఒక్కోసారి అందుకోదు, లేదా లోపలికెళ్ళింది వెనక్కి వచ్చేస్తుంది. అప్పుడు సొన పొట్టలో పడిపోతుంది. ఒకటీ అరా పడితే ఒళ్ళే పీల్చుకుంటుంది. మళ్ళీ మళ్ళీ పడుతూ ఉండి, దానికి క్రిములు తోడైతే పొట్టంతా చీము పడుతుంది. బాగా గుడ్లు పెట్టే రకాలకే ఇది ఎక్కువ అన్నారు.

మిగతా కోళ్ళకు అంటేదేనా అని నాన్న అడిగాడు. కాదన్నారు. ఆ మాటకు మా అందరికీ ఊపిరి వచ్చింది, వెంటనే సిగ్గూ వేసింది. ఎదురుగా ఇది కొట్టుకుంటుంటే ఊపిరి పీల్చుకోవడమేమిటని.

డాక్టరు గారు దాచలేదు. నీళ్ళు తీసి, యాంటీబయాటిక్ వేసి చూడొచ్చు, కొన్నాళ్ళు తేలికపడొచ్చు. ఇంత ముదిరాక పూర్తిగా కోలుకునేవి తక్కువ. బాధ ఎక్కువైతే ఇంజెక్షన్‌తో నిద్రపుచ్చడం కూడా మంచి దారే, అందులో పాపమేమీ లేదన్నారు. అమ్మా నాన్నా బయటికెళ్ళి మాట్లాడుకున్నారు. ఒక్కసారి ప్రయత్నిద్దాం అని వచ్చారు. ఇప్పుడు ఆలోచిస్తే, మా ఇద్దరి మొహాలు చూసి తీసుకున్న నిర్ణయం అనిపిస్తుంది. తప్పనీ అనను, ఒప్పనీ అనను.

నీళ్ళు తీసిన పూట మాత్రం అద్భుతంగా ఉంది. ఊపిరి తేలికైంది. పెట్టెలోంచి తనే బయటికొచ్చి, చెట్టు మొదట్లో పొడిమట్టి కనబడితే అక్కడ కూలబడి, ఒక రెక్కతో మట్టి పైకి చిమ్ముకోబోయింది. స్నానం చేసే ఓపిక లేదు గానీ అలవాటు పోనిచ్చుకోలేదు. తమ్ముడు వానపామును తవ్వి తెస్తే తల పక్కకు వాల్చి ఒక కంటితో చూసి, టక్కున తీసుకుంది. వాడు వీధంతా పరిగెత్తి చెప్పొచ్చాడు, దొరసాని తినేసిందోచ్ అని. నానమ్మ మాత్రం నవ్వలేదు. ఆమె తన జీవితంలో చాలా కోళ్ళను చూసింది.

మర్నాడు తెల్లవారుజామున పోయింది. నిద్రలో హాయిగా పోయిందని రాయాలని ఉంది. అలా పోలేదు. ఉన్నట్టుండి మెడ వెనక్కి విరుచుకుని, రెక్కలు టపటపా కొట్టుకుని, పెట్టె పక్కకు ఒరిగిపోయింది. తమ్ముడు భయపడి అరిచాడు. ఆ కొట్టుకోవడం దానికి తెలియదురా, అప్పటికే స్పృహ పోయి ఉంటుంది, కండరాలు వాటంతట అవే కదులుతాయి అంది అమ్మ. మమ్మల్ని ఊరుకోబెట్టడానికి అంటోందనుకున్నాను. పెద్దయ్యాక చదివితే చాలాసార్లు జరిగేది అదేనని తెలిసింది. అయినా ఆ చప్పుడు మాత్రం మర్చిపోలేదు.

పాతిపెట్టేముందు డాక్టరు గారితో కోయించి చూద్దామంది అమ్మ. నానమ్మ ఒప్పుకోలేదు, పోయినదాన్ని ఇంకా ఏం హింస పెడతారంది. నాన్న మధ్యలో నలిగాడు. చివరికి మిగతా కోళ్ళ కోసం అన్నాక నానమ్మ ఊరుకుంది. నేనూ వస్తానన్నాను. ఎందుకన్నానో తెలీదు, నన్ను ఎందుకు రానిచ్చారో కూడా తెలీదు.

పొట్ట తెరవగానే డాక్టరు గారు చెప్పింది చెప్పినట్టే ఉంది. ఉడికినట్టు గట్టిపడ్డ సొన ముద్దలు, పేగులకు అతుక్కుపోయి, పొరలు పొరలుగా. నేను చూసింది అది కాదు. కోడికి పని చేసే అండాశయం ఎడమ వైపు ఒక్కటే ఉంటుంది. ఆయన దాన్ని చూపించారు. దాని మీద పసుపుపచ్చటి సొనలు వరసగా ఉన్నాయి, పెద్దది, దానికన్నా చిన్నది, ఇంకా చిన్నది, ఆవగింజంతవి లెక్కలేనన్ని. పెద్దది రేపటి గుడ్డు, దాని తర్వాతది ఎల్లుండిది అన్నారు. ఊపిరాడక చస్తున్నప్పుడు కూడా దాని ఒళ్ళు రాబోయే రోజుల గుడ్లు తయారుచేసుకుంటూనే ఉంది. నా నోట్‌బుక్‌లో నేనింకా రాయని పేజీలన్నీ అక్కడ ఉన్నాయి.

అడవికోడి ఏడాదికి ఒకటి రెండు విడతలుగా మహా అయితే పదీ పదిహేను గుడ్లు పెట్టి, పొదుగుకు కూర్చుని పిల్లల్ని చేసుకుంటుందని, దాన్నుంచే మనిషి ఏరి ఏరి ఏడాదికి 300 దాకా పెట్టే రకాల్ని తయారుచేశాడని ఆయన చెప్పారు. అన్ని గుడ్లు పెట్టే ఒళ్ళు త్వరగా అలిసిపోతుందట. ఆడవాళ్ళకొచ్చే అండాశయం క్యాన్సర్ లాంటిది కోళ్ళకు దానంతటదే వస్తుంది కాబట్టి, శాస్త్రవేత్తలు ఆ జబ్బును అర్థం చేసుకోవడానికి పెట్టల్ని పరీక్షిస్తారని చాలా ఏళ్ళ తర్వాత చదివాను. చదివినప్పుడు గుర్తొచ్చింది డాక్టరు గారి బల్ల. మేం వచ్చిన వాళ్ళందరికీ గొప్పగా చెప్పుకున్నది ఏదో, దాన్ని చంపిందీ అదే.

గొయ్యి తవ్వే చోటు నానమ్మే చూపించింది. కుక్కలు తవ్వకుండా లోతుగా ఉండాలని నాన్నను మళ్ళీ మళ్ళీ దించింది. "ఇంకా లోతుకు. ఇంకా." సున్నం చల్లి మట్టి కప్పాం. తమ్ముడు మీద ఒక రాయి పెట్టి దాని మీద ఏదో రాయబోయి, ఏం రాయాలో తెలీక మానేశాడు.

మావయ్య ఫోన్ చేసినప్పుడు తమ్ముడు ఏడుస్తూ చెప్పాడు. "ఎన్ని కిలోలు తూగేదిరా?" అని నవ్వాడాయన. అమ్మ ఫోన్ తీసుకుని, తర్వాత మాట్లాడతానన్నయ్యా అని పెట్టేసింది. బడిలో నేను ఎవరికీ చెప్పలేదు. కళ్ళెందుకు వాచాయని టీచరు అడిగితే నలక పడిందన్నాను. కుక్క పోయిందంటే అయ్యో అంటారు. కోడి పోయిందంటే జనం ముందు మొహంలోకి చూస్తారు, హాస్యమా నిజమా అని. రోజూ మనం గింజలు వేసే చెయ్యి అలికిడికి పరిగెత్తుకొచ్చే ప్రాణం అది. ఎంత పెద్ద జంతువైతే అంత ఏడవొచ్చని ఎవరు లెక్క కట్టారో!

నాకు అందరికన్నా కోపం వచ్చింది మాత్రం మిగతా కోళ్ళ మీద. అవి వెతుకుతాయని, దిగులుగా ఉంటాయని ఎదురుచూశాను. నాకైతే ఏమీ కనబడలేదు. మొదటి సాయంత్రమే అడ్డకర్ర మీద గోడ వైపు చోటు కోసం నల్లదీ బొల్లిదీ కొట్టుకున్నాయి. జుట్టు మీద నెత్తురు వచ్చేదాకా పొడుచుకున్నాయి. చివరికి నల్లది గెలిచి దొరసాని చోట్లో కూచుంది. నేను వెళ్ళి దాన్ని కిందికి దించేశాను. మళ్ళీ ఎక్కింది. మళ్ళీ దించాను. "వదిలెయ్యవే, వాటి గొడవ వాటిది. ఎవరో ఒకరు ముందు తినాలి కదా" అంది నానమ్మ. చెప్పొద్దూ, నల్లదానితో మాట్లాడటానికి నాకు చాలా కాలం పట్టింది.

గుడ్ల నోట్‌బుక్ కూడా అక్కడితో ఆగిపోయింది. డాక్టరు గారు చెప్పిన పని ఒకటి మాత్రం మా ఇంట్లో నిలిచిపోయింది. వారానికోసారి, చీకటి పడి కోళ్ళు కర్ర ఎక్కాక, ఒక్కొక్కదాన్ని దించి తడమాలి. రొమ్ము ఎముక పదునుగా తేలిందా, పొట్ట మెత్తగా ఉందా, మెడ కింది మేతసంచి నిండుగా ఉందా. రాత్రి నిండిన సంచి పొద్దున్నకు ఖాళీ కావాలి, కాకపోతే ఎక్కడో అడ్డం ఉన్నట్టు. చీకట్లో కోడి గింజుకోదు, ఒళ్ళో కూచుని కునుకుతుంది. ఏ నటనా లేకుండా అది మనకు దొరికే సమయం అదొక్కటే.

ఇప్పుడు నా పెరట్లో ఉన్నవి నిదానంగా పెట్టే నాటు రకం. పగలు కురచ కాగానే మానేస్తాయి. దీపం పెట్టి వెలుతురు పెంచితే పెడతాయని తెలుసు, పెట్టను. ఈకలు రాల్చే కాలంలో నెలల తరబడి ఒక్క గుడ్డు ఉండదు. మధ్యలో ఏదో ఒకటి పొదుగుకు కూచుని ఇంకొన్ని వారాలు ఎగ్గొడుతుంది. గూడు చూడ్డానికొచ్చిన వాళ్ళు ఇటు మేత డబ్బా, అటు ఖాళీ బుట్ట చూసి, "మరి వీటిని ఎందుకు మేపుతున్నట్టు?" అంటారు. పెరట్లో తిరగడానికి అంటాను.